ఇంటి పెద్ద మరణించిన తర్వాత కోర్టు కాగితాలు: తిరుపతి, చిత్తూరు కుటుంబాలకు మార్గదర్శిని

ఇంట్లో ఒకరు మరణించాక బ్యాంకుకో తహసీల్దారు కార్యాలయానికో వెళ్లిన వారికి తరచుగా ఎదురయ్యే మాట "కోర్టు నుంచి కాగితం తెచ్చుకోండి" అన్నది. ఏ కాగితమో, ఏ కోర్టు నుంచో, దేని కోసమో ఆ మాటలో ఉండదు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, సక్సెషన్ సర్టిఫికెట్ (డిపాజిట్ల వంటి సొమ్ము రాబట్టుకోవడానికి కోర్టు ఇచ్చేది), ప్రొబేట్ (వీలునామా నిజమైనదని కోర్టు ధ్రువీకరించేది), లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ (ఆస్తి నిర్వహణకు కోర్టు ఇచ్చే అధికారపత్రం) అనే నాలుగు పత్రాలను చాలామంది ఒకటిగానే భావిస్తారు. ఫలితంగా తహసీల్దారు వద్ద దొరికే దాని కోసం కోర్టుకు వెళ్లడం, కోర్టు మాత్రమే ఇవ్వగల దాని కోసం మీసేవ చుట్టూ తిరగడం జరుగుతుంటాయి. ఈ పత్రాలన్నిటికీ ఆధారం ఒకటే: మరణించిన వ్యక్తికి సంబంధించిన వారసుల పూర్తి జాబితా. అది సరిగ్గా ఉంటే మిగిలిన పని ఆలస్యమైనా పూర్తవుతుంది. అందులో ఒక పేరు దాచినా మరచినా, చేతికి వచ్చిన ఉత్తర్వు కూడా తర్వాత రద్దయ్యే ప్రమాదం ఉంటుంది.

మరణ ధ్రువపత్రంలోనే సగం పని

మరణాన్ని జరిగిన చోటే నమోదు చేస్తారు. నివాసం ఉన్న చోట కాదు. తిరుపతి నగరంలో మరణిస్తే నగరపాలక సంస్థలో, పల్లెలో మరణిస్తే పంచాయతీ పరిధిలో నమోదు జరుగుతుంది. రుయా, స్విమ్స్ వంటి ఆసుపత్రుల్లో మరణిస్తే సమాచారం పంపే బాధ్యత ఆసుపత్రిదే. మన ప్రాంతం వారు పెద్ద జబ్బులకు వేలూరుకో చెన్నైకో బెంగళూరుకో వెళ్లడం మామూలే కనుక, అక్కడ ప్రాణం పోయినప్పుడు ధ్రువపత్రం కూడా అక్కడి రిజిస్ట్రారే ఇస్తారు. అందులో తప్పు పడితే దిద్దవలసింది కూడా వారే. తిరుపతి కార్యాలయానికి దాన్ని సరిచేసే అధికారం లేదు.

అందువల్ల ఆసుపత్రిలో వివరాల ఫారం నింపేటప్పుడు ఎంత దుఃఖంలో ఉన్నా ఒకరు పక్కన నిలబడి పేరును ఆధార్ కార్డుతో సరిచూడాలి. సరిహద్దు ప్రాంతంలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. తమిళనాడు పద్ధతిలో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియల్ అవుతుంది. మన పద్ధతిలో ఇంటిపేరు ఆ చోటికి వస్తుంది. ఒకే మనిషి ఆధార్‌లో మునిరత్నం, బ్యాంకు పాస్‌బుక్‌లో ఎన్. మునిరత్నం నాయుడు, వేలూరు ఆసుపత్రి కాగితంలో జి. మునిరత్నంగా ఉండవచ్చు. ఇంట్లో వారికి ఇది సమస్యగా తోచదు కానీ, బ్యాంకు అధికారికీ కోర్టు కార్యాలయానికీ వీరు ముగ్గురు వేర్వేరు వ్యక్తులే. దిద్దుబాటు సాధ్యం కాకపోతే, కోర్టులో వేసే పిటిషన్‌లో ఆ పేర్లన్నిటినీ "అలియాస్" అని కలిపి రాయించాలి. అవన్నీ ఒకే వ్యక్తివని ప్రమాణపత్రం కూడా జతచేయాలి.

మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి. అది దాటితే, మరణించిన నాటి నుంచి 30 రోజుల వరకు ఆలస్య రుసుముతోనూ, ఏడాది వరకు అధికారి లిఖితపూర్వక అనుమతితోనూ నమోదు చేస్తారు. ఏడాది దాటితే గతంలో మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లవలసి వచ్చేది. 2023 అక్టోబరు 1న అమలులోకి వచ్చిన సవరణతో ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, లేదా అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు వెళ్లింది. పల్లెల్లో ఎప్పుడో మరణించిన తాతల పేరుతో ఇంకా భూములు ఉన్నవారు ఈ మార్పును గుర్తుంచుకోవాలి. దీనికోసం వకీలును పెట్టుకుని కోర్టులో కేసు వేయనక్కరలేదు.

వారసులెవరో ముందు కాగితం మీద పెట్టండి

పెద్దకర్మ నాటికి బంధువులందరూ ఒకచోట చేరతారు. వంశవృక్షం రాసుకోవడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. ఎవరెవరు ఉన్నారు, ఎక్కడ ఉంటున్నారు, ఎవరు ముందే మరణించారు, వారి పిల్లలెవరు అన్నది రాసి, అందరి ఆధార్ ప్రతులు తీసుకోండి. ఆ పనితో ఆపండి. ఆ రోజుల్లో ఖాళీ స్టాంపు పేపర్ల మీద, ముఖ్యంగా భర్తను పోగొట్టుకున్న స్త్రీ చేత, సంతకాలు పెట్టించడం కొన్ని ఇళ్లలో జరుగుతుంటుంది. అది అన్యాయమే కాక తెలివితక్కువ పని కూడా. ఏళ్ల తరబడి నడిచే దావాలకు మూలం వెతికితే ఇలాంటి సంతకాలే తరచుగా బయటపడతాయి.

హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం వీలునామా లేకుండా మరణించిన పురుషుడి స్వార్జితం కొడుకులు, కూతుళ్లు, భార్య, తల్లికి సమానంగా చెందుతుంది. ముందే మరణించిన కొడుకు లేదా కూతురు ఉంటే వారి పిల్లలకు, ఆ కొడుకు భార్యకు వారి వాటా వస్తుంది. తండ్రి ఈ మొదటి తరగతిలో లేడు. కూతురికి పెళ్లయిందా, కట్నం ఇచ్చారా అన్న ప్రశ్నలకు ఈ లెక్కలో చోటు లేదు. పిత్రార్జితంలో కూడా 2005 సవరణ తర్వాత కూతురు కొడుకుతో సమానమే. మన రాష్ట్రం అంతకుముందే, 1985లో, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఆ హక్కు ఇచ్చింది. 2005 నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది.

మన దగ్గర ఎక్కువగా మరచిపోయే వారసురాలు తల్లి. ఒక ఉదాహరణ తీసుకుందాం. కొర్లగుంటలో ఇల్లు, వడమాలపేట మండలంలో కొంత పొలం, బ్యాంకులో నామినీ లేని 18 లక్షల రూపాయల డిపాజిట్లు ఉన్న రిటైర్డ్ ఉద్యోగి మరణించాడు. అన్నీ స్వార్జితమే. భార్య, ఇద్దరు కూతుళ్లు, ఒక కొడుకు ఉన్నారు. పల్లెలో ఎనభై ఏళ్లు దాటిన తల్లి కూడా ఉంది. వాటాలు నాలుగు కావు, ఐదు. "అవ్వకు డబ్బెందుకు, ఆమెను మేమే చూసుకుంటున్నాం కదా" అని ఆమె పేరు రాయకపోతే కథ అక్కడితో ముగియదు. రేపు ఆ తల్లి వీలునామా లేకుండా మరణిస్తే ఆమె ఐదో వంతు ఆమె మిగిలిన పిల్లలకు, అంటే పోయిన వ్యక్తి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కూడా చేరుతుంది. వారిలో ఎవరో ఒకరు కోర్టుకు వచ్చి తన తల్లి పేరు ఎందుకు లేదని అడిగితే సమాధానం ఉండదు. ఆమెకు నిజంగానే వాటా అక్కరలేకపోతే, ఆ మాట ఆమె చేతే చెప్పించి, ఇల్లు, పొలం విషయంలో రిజిస్టరు చేసిన హక్కు విడుదల దస్తావేజు తీసుకోవడం సరైన దారి.

స్త్రీ మరణిస్తే లెక్క వేరు. ఆమె ఆస్తి మొదట కొడుకులు, కూతుళ్లు, భర్తకు వెళ్తుంది. పిల్లలు లేకుండా మరణించిన స్త్రీకి పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రం ఆమె తండ్రి వారసులకే తిరిగి చేరుతుంది. ముస్లిం కుటుంబాల్లో వాటాలు షరియత్ ప్రకారం, క్రైస్తవ కుటుంబాల్లో భారత వారసత్వ చట్టం, 1925 ప్రకారం నిర్ణయమవుతాయి. అయితే సక్సెషన్ సర్టిఫికెట్ కోసం అన్ని మతాల వారూ వెళ్లేది అదే కోర్టుకు, అదే పద్ధతిలో.

ఇక కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. దీనికి గ్రామ, వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ దరఖాస్తు చేయాలి. గ్రామ రెవెన్యూ అధికారి ఇరుగుపొరుగు వారిని విచారించి నివేదిక ఇస్తారు. దాని మీద తహసీల్దారు సంతకం చేస్తారు. పెన్షన్, ఉద్యోగ విరమణ ప్రయోజనాలు, కారుణ్య నియామకం వంటి వాటికి ఇది చాలా వరకు సరిపోతుంది. కోర్టులో కూడా దీనినే తొలి సాక్ష్యంగా జతచేస్తారు. ఇది కుటుంబంలో ఎవరున్నారో చెప్పే పత్రం మాత్రమే. ఎవరికి ఎంత హక్కు ఉందో తేల్చే పత్రం కాదు. వారసుల్లో గొడవ ఉంటే తహసీల్దారు కోర్టుకు వెళ్లమనే అంటారు, అలా అనడం సబబే.

అసలు కోర్టుకు వెళ్లాలా

బ్యాంకు ఖాతాకు నామినీ ఉంటే బ్యాంకు ఆ నామినీకి డబ్బు ఇచ్చేస్తుంది; సక్సెషన్ సర్టిఫికెట్ అడగనక్కరలేదు. నామినీ ఆ డబ్బుకు యజమాని అయిపోడు. వారసుల తరఫున తీసుకుని వారికి అప్పగించవలసినవాడు మాత్రమే. నామినీ లేని ఖాతాల విషయంలో రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో కొత్త ఆదేశాలు ఇచ్చింది. మొత్తం 15 లక్షల రూపాయల వరకు, సహకార బ్యాంకుల్లోనైతే 5 లక్షల వరకు, వివాదం లేనప్పుడు వారసత్వ ప్రకటన, నష్టపరిహార హామీ వంటి పత్రాలతోనే చెల్లించాలనీ, పత్రాలన్నీ అందాక 15 రోజుల్లో తేల్చాలనీ అందులో ఉంది. కౌంటర్లో ఉన్నవారు కోర్టు అంటే, ఈ ఆదేశాలను ప్రస్తావిస్తూ లిఖితపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. పై ఉదాహరణలోని 18 లక్షలు ఆ పరిమితి దాటాయి కనుక బ్యాంకు కోర్టు పత్రం అడిగే అవకాశం ఉంది.

పొలానికి సక్సెషన్ సర్టిఫికెట్ పనికిరాదు. ఇంటికీ పనికిరాదు. ఆ సర్టిఫికెట్ మరణించిన వ్యక్తికి రావలసిన బాకీలకు, సెక్యూరిటీలకు, అంటే డిపాజిట్లు, షేర్లు, బాండ్లు, జీతం బకాయిలు వంటి వాటికి సంబంధించినది. ఇది తెలియక ఇంటి సర్వే నంబరు కూడా పిటిషన్ చివర ఉండే జాబితాలో (షెడ్యూల్‌లో) రాయించి, కోర్టు కార్యాలయం వెనక్కి ఇచ్చాక తెల్లబోయేవారు ఉన్నారు. పొలానికి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రంతో సచివాలయంలో లేదా మీసేవలో మ్యుటేషన్‌కు దరఖాస్తు చేయాలి. తహసీల్దారు నోటీసులు ఇచ్చి, అభ్యంతరాలు విని, వారసుల పేర్లు రెవెన్యూ రికార్డులో ఎక్కిస్తారు. ఆ తర్వాత పంచుకోవాలంటే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో భాగ పరిష్కార దస్తావేజు రాసుకోవచ్చు. నగరంలోని ఇంటికి ఆస్తిపన్ను పేరు మార్పు చేయించుకోవాలి. పన్ను రసీదులో పేరున్నంత మాత్రాన యాజమాన్యం వచ్చినట్టు కాదు. వారసులు రాజీకి రాకపోతే భూమి, ఇల్లు విషయంలో మిగిలేది సివిల్ కోర్టులో భాగ పరిష్కార దావా ఒక్కటే.

సక్సెషన్ సర్టిఫికెట్ పిటిషన్

మరణించిన వ్యక్తి చివరి రోజుల్లో సాధారణంగా ఎక్కడ నివసించాడో ఆ ప్రాంతం మీద అధికారం ఉన్న కోర్టులో పిటిషన్ వేయాలి. స్థిర నివాసం లేనప్పుడు మాత్రమే ఆస్తి ఉన్న చోటు లెక్కకు వస్తుంది. వేలూరులో మరణించినా తిరుపతిలో కాపురం ఉన్న మనిషి కేసు తిరుపతిలోనే నడుస్తుంది. ఇల్లు ఇక్కడే ఉన్నా, చివరి ఐదారేళ్లు కొడుకు దగ్గర బెంగళూరులో గడిపిన తండ్రి విషయంలో మాత్రం ఈ ప్రశ్నను దాఖలు చేయకముందే న్యాయవాదితో తేల్చుకోవాలి. చట్టం జిల్లా కోర్టు అని చెబుతుంది. ప్రభుత్వం కింది కోర్టులకు కూడా ఈ అధికారం ఇవ్వవచ్చు, అందువల్ల ఇవి ఎక్కువగా సీనియర్ సివిల్ జడ్జి కోర్టుల్లో నడుస్తాయి. తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది కదా అని కోర్టు పరిధి కూడా అదే గీతల మీద ఉంటుందని అనుకోకూడదు. మీ మండలం ఏ కోర్టు కిందికి వస్తుందో దాఖలు చేసే కౌంటర్లో అడిగి నిర్ధారించుకోండి.

పిటిషన్‌లో మరణించిన తేదీ, నివాసం, కుటుంబ సభ్యులు, దగ్గరి బంధువులు, వారి చిరునామాలు, పిటిషనర్ ఏ హక్కుతో అడుగుతున్నారన్నది, రావలసిన సొమ్ముల వివరాలు ఉండాలి. తెలిసి తప్పు రాస్తే అది శిక్షార్హం. అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది చివర ఉండే షెడ్యూల్. బ్యాంకు పేరు, శాఖ, డిపాజిట్ నంబరు, అసలు, ఫలానా తేదీ నాటికి వడ్డీతో కలిపి మొత్తం అన్నవి ఒక్కో వరుసలో రాస్తారు. కోర్టు ఇచ్చే సర్టిఫికెట్ షెడ్యూల్‌లో ఉన్నదానికే చెల్లుతుంది. డిపాజిట్ నంబరులో ఒక అంకె తారుమారైతే సర్టిఫికెట్ చేతిలో ఉన్నా బ్యాంకు డబ్బు ఇవ్వదు. దిద్దుబాటు కోసం మళ్లీ కోర్టులో దరఖాస్తు పెట్టుకోవాలి. కాబట్టి పాస్‌బుక్ చూసి అంకెలు ఎత్తి రాసుకోకుండా, బ్యాంకుకు లేఖ ఇచ్చి ఖాతాల వివరాలు, నిల్వలు లిఖితపూర్వకంగా తీసుకోండి. బీరువాలో పాత షేర్ సర్టిఫికెట్లు, పోస్టాఫీసు పత్రాలు ఉన్నాయేమో దాఖలుకు ముందే వెతకండి. తర్వాత బయటపడిన వాటిని చేర్చమని అడిగే వీలు చట్టంలో ఉన్నప్పటికీ అది మరో దరఖాస్తు, మరో రుసుము.

వారసులందరూ ఒక మాట మీద ఉంటే అందరూ పిటిషనర్లుగా కలిసి దాఖలు చేయడం మేలు. అప్పుడు ఒకరికొకరు నోటీసులు పంపుకునే పని ఉండదు. ఒకరికి మాత్రమే సర్టిఫికెట్ ఇమ్మని అడిగేటప్పుడు మిగిలినవారిని ప్రతివాదులుగా చేర్చి, వారికి అభ్యంతరం లేదని రాతపూర్వకంగా చెప్పించాలి.

కాగితాలు ఇచ్చిన రోజే కేసు నంబరు పడుతుందని అనుకోవద్దు. కోర్టు కార్యాలయం పరిశీలించి లోపాలు ఉంటే పిటిషన్‌ను వెనక్కి ఇస్తుంది. న్యాయవాదుల గుమస్తాలు దీన్నే "రిటర్న్" అంటారు. ఆధార్‌లో వయసు ఒకటి, పిటిషన్‌లో మరొకటి ఉండటం, తమిళంలో ఉన్న పత్రానికి అనువాదం లేకపోవడం, ఒక ప్రతివాది చిరునామా అసంపూర్తిగా ఉండటం వంటివి సాధారణ కారణాలు. ఇచ్చిన గడువులో సరిచేసి తిరిగి దాఖలు చేయాలి. గడువు దాటితే ఆలస్యానికి మన్నింపు కోరుతూ ఇంకో దరఖాస్తు పెట్టాలి. "వేశాం సార్, నడుస్తోంది" అన్న జవాబుతో సరిపెట్టుకోకుండా నంబరు పడిందా అని సూటిగా అడగండి. నంబరు పడిన కేసుకు 16 అక్షరాల సి.ఎన్.ఆర్. సంఖ్య వస్తుంది, ఈ-కోర్ట్స్ యాప్‌లో దాన్ని కొడితే వాయిదా తేదీ, ఆ రోజు ఏం జరిగిందన్నది ఎవరినీ అడగకుండానే తెలుస్తుంది.

నంబరు పడ్డాక కోర్టు ప్రతివాదులకు నోటీసులు ఇస్తుంది, దానికి బత్తా (నోటీసు పంపే ఖర్చు) కట్టాలి. మరెవరికైనా అభ్యంతరముంటే రావచ్చని తెలుగు దినపత్రికలో ప్రకటన వేయమంటుంది. ప్రకటన వచ్చిన పత్రిక ప్రతిని కోర్టులో దాఖలు చేయాలి. ఆ రోజు పత్రిక రెండు మూడు ప్రతులు కొని ఉంచుకోండి, తర్వాత దొరకడం కష్టం. ఎవరూ రాకపోతే పిటిషనర్ ప్రమాణ వాంగ్మూలం దాఖలు చేసి, సాక్షిగా హాజరు కావాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, బ్యాంకు లేఖలకు గుర్తులు వేసి రికార్డులో చేరుస్తారు. ఆ రోజు అసలు పత్రాలన్నీ వెంట ఉండాలి. న్యాయమూర్తి ఒకటి రెండు ప్రశ్నలు అడగవచ్చు: ఇంకెవరైనా పిల్లలున్నారా, మరణించిన వ్యక్తికి వేరే వివాహం ఉందా, వీలునామా ఉందా. తెలిసినది తెలిసినట్టు చెప్పాలి.

సొమ్ము విలువ మీద నిర్ణీత శాతం కోర్టు రుసుము లెక్క ఉంటుంది. ఇది మొత్తం ఖర్చులో పెద్ద భాగం కావచ్చు కనుక, న్యాయవాది ఫీజు వేరుగా, కోర్టు రుసుము వేరుగా మొదటే రాయించుకోండి. కొన్ని కేసుల్లో కోర్టు బాండు గానీ జామీను గానీ అడుగుతుంది. వివాదం లేని కేసుకు కూడా నెలలు పడుతుంది. మే నెలలో సివిల్ కోర్టులకు వేసవి సెలవులు ఉంటాయి కాబట్టి ఏప్రిల్‌లో దాఖలు చేసి జూన్‌కల్లా అయిపోవాలనడం అత్యాశ.

ఈ సర్టిఫికెట్ చూసి డబ్బు ఇచ్చిన బ్యాంకుకు రక్షణ దొరుకుతుంది. డబ్బు పుచ్చుకున్న వ్యక్తి మాత్రం మిగిలిన వారసుల వాటాలకు జవాబుదారీగానే ఉంటాడు. పెద్దకొడుకు పేరుతో సర్టిఫికెట్ వచ్చినంత మాత్రాన 18 లక్షలూ అతనివి కావు. ఎవరినైనా దాచి, మోసంతో పొందిన సర్టిఫికెట్‌ను కోర్టు రద్దు చేయగలదు.

వీలునామా ఉంటే

మొదట ఒక భయం తీరాలి. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో హిందువు ఇక్కడి ఆస్తి గురించి రాసిన వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి కాదు. ఆ నిర్బంధం పాత మద్రాసు, బొంబాయి హైకోర్టుల సొంత పరిధికి, బెంగాల్‌కు సంబంధించినదిగా ఉండేది; 2025లో ఆ నిబంధనను చట్టం నుంచి తొలగించారు. మన వారిలో చెన్నైలో ఇల్లో స్థలమో కొన్నవారు చాలామంది ఉన్నారు; వీలునామాలో అలాంటి ఆస్తి ఉంటే ప్రస్తుతం ఏ నియమం వర్తిస్తుందో చెన్నై న్యాయవాదిని ముందుగానే అడగాలి. తప్పనిసరి కానప్పుడు కూడా ప్రొబేట్ కోరడానికి కారణాలు ఉంటాయి. వీలునామా నిజమైనదా అన్న అనుమానాన్ని ఎవరైనా లేవనెత్తుతున్నప్పుడు, బ్యాంకు లేదా కంపెనీ దాన్ని అంగీకరించనప్పుడు, వీలునామా సాక్షులు వృద్ధులై ఉన్నప్పుడు ఆ పని చేసుకోవడమే మంచిదని నా అభిప్రాయం. సాక్షి బతికుండగా చెప్పించిన మాటకు ఉన్న విలువ, అతను పోయాక సంతకం పోల్చి నిరూపించడానికి ఉండదు.

వీలునామా తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. స్టాంపు అక్కరలేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసిన వ్యక్తి సంతకం గానీ వేలిముద్ర గానీ, ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండి తీరాలి. రిజిస్టరు చేయని వీలునామాను మరణం తర్వాత కూడా సబ్ రిజిస్ట్రారు ముందు రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేయవచ్చు. ఇంట్లో వీలునామా దొరికితే దానికి లామినేషన్ చేయించవద్దు, రంధ్రాలు వేయవద్దు, పక్కన పెన్నుతో ఏమీ రాయవద్దు. చిరిగి ఉంటే చిరిగినట్టే ప్లాస్టిక్ కవరులో పెట్టి, మొదట ఫోటో కాపీలు తీయించండి. అసలు ప్రతి కోర్టులోనే ఉండిపోతుంది.

వీలునామాలో అమలు బాధ్యత ఎవరికి అప్పగించారో ఆ ఎగ్జిక్యూటర్‌కు మాత్రమే ప్రొబేట్ ఇస్తారు. మన పల్లెల్లో రాసే వీలునామాల్లో చాలావాటిలో ఎగ్జిక్యూటర్ పేరే ఉండదు. అప్పుడు ఆస్తి పొందవలసినవారు వీలునామా జతచేసి లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ కోరాలి. మరణించిన ఏడు రోజుల లోపు ప్రొబేట్, పద్నాలుగు రోజుల లోపు లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ ఇవ్వకూడదని చట్టం చెబుతుంది. అంత తొందరగా వచ్చేవి ఎలాగూ ఉండవు. అసలు జాగ్రత్త పడవలసింది రెండో చివర: అడిగే అవసరం, హక్కు ఏర్పడిన నాటి నుంచి మూడేళ్ల కాలపరిమితి దీనికి వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది. వీలునామా బీరువాలో ఉంది కదా అని పదేళ్లు ఊరకుంటే ఆ ఆలస్యానికి సంజాయిషీ చెప్పుకోవాలి.

పిటిషన్ జిల్లా జడ్జి కోర్టుకు వెళ్తుంది. మరణించిన వ్యక్తి నివాసం గానీ, ఆస్తిలో కొంత గానీ ఆ కోర్టు పరిధిలో ఉండాలి. మరణ సమయం, జతచేసినది చివరి వీలునామా అన్న ప్రకటన, అది సక్రమంగా రాసినదన్న వివరం, ఆస్తుల విలువ రాయాలి. వీలునామా సాక్షుల్లో దొరికే ఒకరు పిటిషన్‌ను ధ్రువీకరించాలి. విచారణలో కనీసం ఒక సాక్షి వచ్చి, ఆ వ్యక్తి తన ఎదుట సంతకం చేశాడనీ, తానూ అతని ఎదుటే సంతకం చేశాననీ, రెండో సాక్షి సంతకం గురించి కూడా చెప్పాలి. "నా సంతకమే గానీ చదవలేదు, ఎవరో పెట్టమంటే పెట్టాను" అన్న ఒక్క వాక్యంతో కేసులు కూలిపోతాయి. సాక్షులిద్దరూ మరణించినా, దొరకకపోయినా, వారి చేతిరాత, సంతకం తెలిసినవారి చేత నిరూపించవచ్చు.

ఎవరైనా అడ్డు చెబితే పిటిషన్ దావాగా మారుతుంది. అడిగినవారు వాది, అడ్డుకున్నవారు ప్రతివాది. ఇక అది వివాదాస్పద సివిల్ కేసులాగానే సాగుతుంది. ఒక విషయం ఇరుపక్షాలూ గుర్తుంచుకోవాలి: ప్రొబేట్ కోర్టు వీలునామా నిజమైనదా, సక్రమంగా రాసినదా అన్నదే తేలుస్తుంది. ఆ పొలం అసలు రాసిన వ్యక్తిదా, అందులో తమ్ముడికి వాటా ఉందా అన్న హక్కు ప్రశ్న అక్కడ తేలదు. దానికి వేరే దావా కావాలి.

మైనర్లు, ఉచిత న్యాయ సహాయం

వారసుల్లో పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలుంటే తల్లి గానీ మరో సంరక్షకుడు గానీ వారి తరఫున నిలబడాలి. మైనరు వాటాను కోర్టు సాధారణంగా జాతీయ బ్యాంకులో డిపాజిట్ చేయించి, మేజరయ్యే వరకు తీయకూడదంటుంది. మైనరుకు వచ్చిన స్థలాన్ని అమ్మాలంటే కోర్టు అనుమతి ముందే తీసుకోవాలి. అనుమతి లేకుండా జరిగిన అమ్మకాన్ని ఆ పిల్లవాడు మేజరయ్యాక రద్దు చేయమని కోరవచ్చు.

ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి చట్టంలో ఉంది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కార్యాలయంలో తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి ఇవ్వవచ్చు, లేదా 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. భర్త పోయి చేతిలో డబ్బు లేని స్త్రీలు వడ్డీకి తెచ్చి వకీలు ఫీజు కట్టే ముందు ఈ దారి తొక్కాలి.

చేతికి వచ్చాక

ఉత్తర్వు గానీ సర్టిఫికెట్ గానీ ఇచ్చిన రోజే కోర్టు ఆవరణ దాటకముందు ప్రతి వరుసా చదవండి: పేర్లు, అలియాస్‌లు, మరణించిన తేదీ, డిపాజిట్ నంబర్లు, మొత్తాలు. అచ్చు తప్పు కనిపిస్తే న్యాయవాదికి అప్పుడే చూపించండి. కాపీ దరఖాస్తు పెట్టి మూడు నాలుగు సర్టిఫైడ్ ప్రతులు తీసుకోండి. బ్యాంకులో అసలును చూపించి ప్రతిని ఇవ్వండి. అసలు తమ దగ్గరే ఉంచుకుంటామంటే ఏ నిబంధన కింద అని లిఖితపూర్వకంగా అడగండి. ప్రొబేట్ లేదా లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్ పొందినవారికి ఇంకో బాధ్యత మిగిలే ఉంటుంది: ఆరు నెలల్లో ఆస్తుల, అప్పుల జాబితాను, ఏడాదిలో జమాఖర్చుల లెక్కను అదే కోర్టుకు సమర్పించాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు. ప్రొబేట్‌ను రద్దు చేయమని ఎవరైనా అడిగినప్పుడు, లెక్కలు ఇవ్వలేదన్నది కూడా చట్టం గుర్తించిన కారణమే. కాబట్టి మొదటి చెక్కు చేతికి వచ్చిన నాటి నుంచే ఒక నోటు పుస్తకంలో వచ్చినదీ, ఖర్చయినదీ, ఎవరి వాటా ఎంత ఏ తేదీన ఇచ్చారన్నదీ రాసి, పుచ్చుకున్నవారి సంతకం పక్కన తీసుకోండి.